నాలుగో సాక్షి నలభై సెకన్లు

3, సోమవారం

పెద్దాయనకి ఎల్లుండి కంటి ఆపరేషన్. ఆ తర్వాత పది రోజులు చదవకూడదు, రాయకూడదు. గోడౌన్ లిఫ్టు కేసు నివేదిక మాత్రం నెలాఖరుకి వెళ్ళి తీరాలి. విచారణాధికారి ఆయనే అయినా వాంగ్మూలాలు తీసుకునే పని నా నెత్తిన పడింది. ప్రశ్నలు ఆయన రాసిచ్చారు. నేను అడగాలి, సాక్షి చెప్పేది కంప్యూటర్లో రికార్డు చెయ్యాలి, విని టైపు చెయ్యాలి, డాక్యుమెంట్లో ఒక్కో వాంగ్మూలం పైన ఆ రికార్డుకి లింకు పెట్టాలి. ఆయన ఇంట్లో కూర్చుని లింకు నొక్కితే సాక్షి గొంతు వినబడాలి. "కత్తి పడేది కంటికే కానీ చెవికి కాదు కదమ్మా" అని నవ్వారు.

ఇరవై రెండేళ్ళలో ఇంత పని నన్ను నమ్మి ఎవరూ ఇవ్వలేదు. ఉత్సాహంగా ఫైలు తెరిచాను. సాక్షుల జాబితాలో మూడో పేరు మా తమ్ముడిది.

వాడు ఆ గోడౌన్‌లో లిఫ్టు మెకానిక్. సరుకుతో పాటు లిఫ్టులో కిందికి వస్తున్న హమాలీ ఒకతను లిఫ్టు పడిపోయి చనిపోయాడని అప్పుడే తెలుసు. ఆ కేసు తిరిగి తిరిగి నా బల్ల మీదికే వస్తుందని అనుకోలేదు. పెళ్ళితో నా ఇంటిపేరు మారింది కాబట్టి ఆఫీసులో ఎవరికీ మా సంబంధం తెలియదు. చెప్పాలి. చెబితే పని ఇంకొకరికి ఇస్తారు, అంతకంటే ఏమీ కాదు.

ఇంటికొచ్చి ఈయనతో, మా ఆయనతో, అంటే, "రేపు పొద్దున్నే చెప్పెయ్. ఇలాంటివి కడుపులో పెట్టుకుంటే అరగవు" అన్నారు. రేపు చెబుతాను.

4, మంగళవారం

చెప్పలేదు.

5, బుధవారం

ఆపరేషన్‌కి వెళ్ళే మనిషికి ఇలాంటివి చెప్పి బీపీ పెంచడం ఎందుకు. ఆయన తిరిగొచ్చాక నిదానంగా చెబుతాను.

ఇవాళ మొదటి సాక్షి, గోడౌన్ మేనేజరు. రెండో సాక్షి, వాచ్‌మన్. రికార్డుల గది చిన్నది కాబట్టి అదే ఎంచుకున్నాను. కిటికీ వేశాను, ఫ్యాన్ ఆపాను, మైకు కింద మడత పెట్టిన తువ్వాలు వేశాను. బల్ల మీద చెయ్యి పడితే మైకులో పిడుగు పడినట్టు వినబడుతోంది, అందుకని. మేనేజరు మాటకి ముందు ఒకసారి, మాటకి తర్వాత ఒకసారి గొంతు సవరించుకుంటాడు. గొంతుకి తగ్గట్టు కంప్యూటర్ తెర మీద కదిలే గీతలు చూసి ఏది మాటో, ఏది దగ్గో చెప్పేయగలిగాను. ఒక్క రోజులో నాకింత పట్టు రావడం చూసి నాకే ముచ్చటేసింది.

మేనేజరు చెప్పింది ఒకటే. లిఫ్టుకి ఎనిమిది బస్తాల పరిమితి, ఆ రోజు అందులో పన్నెండున్నాయి, హమాలీ ఎవరినీ అడక్కుండా తన తొందర కొద్దీ వేసుకున్నాడు. వాచ్‌మన్ గేటు దగ్గర ఉన్నాడట, చప్పుడు తప్ప ఏమీ తెలియదట. అంటే ఈ కేసంతా ఒక్క ముక్క మీద నిలబడింది. పన్నెండు బస్తాలతో దిగమని అతనికి ఎవరైనా చెప్పారా, లేక అతనే దిగాడా. ఎవరూ చెప్పకపోతే తప్పు పోయినవాడిది.

6, గురువారం

తమ్ముడు వచ్చాడు. గుమ్మంలో నన్ను చూసి ఒక్క క్షణం ఆగి, "నమస్కారం మేడమ్" అన్నాడు. నేను "కూర్చోండి" అన్నాను. వాడి చిన్నప్పుడు ముక్కు తుడిచిన దాన్ని. అటెండరు మంచినీళ్ళు పెట్టి వెళ్ళేదాకా ఇద్దరం గోడ మీది క్యాలెండర్ చూశాం.

ప్రశ్నలన్నీ ఉన్నవి ఉన్నట్టు అడిగాను. బ్రేకు అరిగిపోయిందనీ, మార్చాలని పుస్తకంలో రెండుసార్లు రాశాననీ, కొత్తది వచ్చేదాకా నడపమన్నారనీ చెప్పాడు. మంచి జవాబులు. ఎక్కడా తడబడలేదు. ఇంకేమైనా చెప్పాలా అన్న చివరి ప్రశ్నకి లేదన్నాడు. పన్నెండు నిమిషాలు పట్టింది. చివర్లో వాడి చెమట చేతి ముద్ర బల్ల మీద ఉండిపోతే తుడిచాను.

సాయంత్రం ఇంటికి వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. ఆఫీసు మాటలు ఇంట్లో వద్దు అన్నాను. కాసేపు కూర్చుని, టీ తాగకుండానే వెళ్ళాడు. నిజాయితీ అంటే ఇదే కదా, ఆఫీసు వేరు, ఇల్లు వేరు.

8, శనివారం

నాలుగో సాక్షి పోయిన హమాలీ భార్య. అదే గోడౌన్‌లో ప్యాకింగ్ చేస్తుంది. కుర్చీ అంచు మీద కూర్చుంది. చదవడం రాదు, సంతకం పెట్టడం వచ్చు. చదవడం రానివాళ్ళకి వాంగ్మూలం మొత్తం వినిపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే సంతకం తీసుకోవాలని పెద్దాయన నియమం. అది ఆయన ఎదుటే జరగాలి.

మైకు వంక చూసి, ఎటు తిరిగి మాట్లాడాలమ్మా అని అడిగింది. నా వైపే చూసి చెప్పండి, అది దానంతట అదే వింటుంది అన్నాను. బాగానే చెప్పుకొచ్చింది. బస్తాలు కట్టింది తనే. ఎన్ని ఎక్కించారో తనే లెక్కపెట్టింది. అక్కడిదాకా వచ్చి ఏడ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తెర మీద గీత పడుకుండిపోయింది. తర్వాత చెప్పింది:

"ఇంత బరువుకి ఆగుతుందా అని మా ఆయన అడిగాడమ్మా. మెకానిక్ బాబు పక్కనే ఉన్నాడు. 'నేను చూశాగా, ఏం కాదు, పద' అన్నాడు. మా ఆయన నా వైపు తిరిగి నవ్వి ఎక్కాడు."

ఆ తర్వాతి ప్రశ్న అడగడానికి నాకు కాస్త ఆలస్యమైంది. కాగితంలో ఎక్కడున్నానో కనబడలేదు.

మొగుడు పోయిన మనిషి. ఎవరో ఒకరి మీద పెట్టుకుంటే తప్ప ఆ బాధ దిగదు. అలాంటప్పుడు విన్నవీ విననివీ కలిసిపోతాయి. మా వాడు అలా అనే మనిషి కాదు. వాణ్ణి అడగాల్సిన పని కూడా లేదు.

9, ఆదివారం

మరదలు ఫోన్ చేసింది. వాడు అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడట. "మీరున్నారు కదా వదినా, మీరు చూసుకుంటారు" అంది. నేనేం చూసుకోవాలి?

10, సోమవారం

నాలుగు వాంగ్మూలాలూ టైపు పూర్తయింది. నాలుగోది కూడా, మాట పోకుండా. ఉన్నదున్నట్టే కొట్టాను, అది నా ధర్మం. ఒక్కోదాని పైన లింకు పెట్టాను. నీలం అక్షరాలు, కింద గీత. నొక్కి చూశాను, గొంతులు పలికాయి. డాక్యుమెంట్ పెద్దాయనకి మెయిల్ చేశాను. టైపు ఆయన చదవలేరు, వినడమే. ఇక నా చేతుల్లో ఏమీ లేదు. ఒక రకంగా తేలికగా ఉంది.

11, మంగళవారం

పొద్దున్నే పెద్దాయన ఫోన్. వాళ్ళమ్మాయి నొక్కితే ఒక్క గొంతూ పలకడం లేదట. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడ నొక్కితే నలుగురూ మాట్లాడుతున్నారు.

కంప్యూటర్లు బాగుచేసే ఆయన్ని పిలిచాను. చూసి నవ్వాడు. డాక్యుమెంట్లో గొంతు లేదు మేడమ్, గొంతు ఎక్కడుందో ఆ అడ్రసుంది, మీరు అడ్రసు పంపి ఇంటిని ఇక్కడే ఉంచుకున్నారు అన్నాడు. డాక్యుమెంట్, రికార్డులు అన్నీ ఒకే ఫోల్డర్లో పెట్టి పెన్ డ్రైవ్‌లో ఇవ్వాలట. అంత ఆత్రంగా నేర్చుకుని ఈ చిన్న విషయం దగ్గర బోర్లా పడ్డాను.

వెళ్ళబోతూ, ఫైలు పేరు మాత్రం మార్చకండి మేడమ్ అన్నాడు. లింకు పేరునే వెతుక్కుంటుందట. ఆ పేరుతో లోపల ఏముంటే అది వినిపిస్తుందట, దానికి తేడా తెలియదట.

అంటే పెద్దాయన ఇంకా ఏదీ వినలేదు. ఎవరూ వినలేదు. నేను తప్ప.

12, బుధవారం

రికార్డులు శుభ్రం చేశాను. వినేవాళ్ళకి ఇబ్బంది ఉండకూడదు కదా. మేనేజరు గొంతు సవరింపులు సగానికి సగం తీసేశాను. వాచ్‌మన్ దాంట్లో వీధిలో లారీ హారన్ ఉంది, అదీ తీశాను. తమ్ముడిది ముట్టుకోలేదు, ముట్టుకోవడం న్యాయం కాదు. నాలుగోదాంట్లో మధ్యలో ఏడుపుంది. పెద్దాయన కంటికి నీళ్ళు తగలకూడదని డాక్టరు చెప్పాడు, అలాంటివి విని ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటే ఎవరిది జవాబుదారీ? ఏడుపు తీశాను. దాని పక్కనే ఉన్న రెండు ముక్కలు కూడా దాంతో పోయాయి. మొత్తం నలభై సెకన్లు. అతికిన చోట వింటే తెలియడం లేదు. ఐదారుసార్లు విన్నాను, నాకే తెలియలేదు.

టైపు చేసింది కూడా రికార్డుతో సరిపోవాలి కాబట్టి దాన్నీ సరిచేశాను.

అదే పేరుతో భద్రం చేయబోతే, పాతది తీసేసి దీన్ని పెట్టమంటారా అని కంప్యూటర్ అడిగింది. మనుషులకైనా ఇంత మర్యాద ఉండదు. అవును అని నొక్కాను.

13, గురువారం

పెన్ డ్రైవ్ పంపాను. మొదట పంపిన మెయిల్ పనికిరాదు, తీసేయమని పెద్దాయన వాళ్ళమ్మాయికి చెప్పాను. ఈయన, ఏమిటలా ఉన్నావు, ఒంట్లో బాగాలేదా అన్నారు. ఒంట్లో బాగానే ఉంది, మీరు అడక్కుండా ఉంటే ఇంకా బాగుంటుంది అన్నాను. పాపం, ఆయన మీద ఎందుకు అరవడం.

14, శుక్రవారం

పెద్దాయన ఫోన్ చేసి పది నిమిషాలు మెచ్చుకున్నారు. ఇంత శుభ్రంగా ఎవరూ చెయ్యలేదట. వేరే ఆఫీసులకి కూడా చూపిస్తారట. తర్వాత అన్నారు: "పాపం, అన్నీ వింటే పోయినవాడి తొందరే కొంప ముంచినట్టుందమ్మా. ఆ ఇల్లాలికి ఈ ముక్క ఎలా చెప్పాలో." అలాగేనండి అన్నాను. దేనికి అలాగేనో నాకే తెలియదు.

మంగళవారం ఆయన ఆఫీసుకి వస్తారు. నాలుగో సాక్షికి వాంగ్మూలం వినిపించి సంతకం తీసుకుంటారు. ఆ సంగతి నేను మర్చిపోలేదు. గుర్తు రాలేదు, అంతే.

15, శనివారం

ఆవిడ గమనించదు. తన గొంతు తను మైకులో విన్నవాళ్ళెవరైనా, ఇది నా గొంతేనా అన్న ఆశ్చర్యంలోనే ఉంటారు. మొన్న నేనూ అంతే. ఆవిడ గమనించదు.

16, ఆదివారం

తమ్ముడు మళ్ళీ వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి, "అక్కా, ఒక్క మాట" అన్నాడు. అంతా సర్దుబాటైంది, నువ్వేం భయపడకు అన్నాను. ఏం సర్దుబాటైందని అడిగాడు. ఎక్కువ తెలుసుకోకు, ప్రశాంతంగా పడుకో అన్నాను. వాడు నన్ను చూసిన చూపులో కృతజ్ఞత ఏమీ లేదు. నాకు ఒళ్ళు మండింది. వీడి కోసం నేను పడుతున్నదేమిటో వీడికి తెలుసా?

గమనించదు.

18, మంగళవారం

ఉన్నది ఉన్నట్టు రాస్తాను. కనీసం ఇక్కడైనా.

పది గంటలకి పెద్దాయన నల్ల కళ్ళద్దాలతో వచ్చారు. ఆవిడ అప్పటికే వరండాలో కూర్చుని ఉంది, ఉతికిన చీర కట్టుకుని. ముగ్గురం రికార్డుల గదిలో కూర్చున్నాం. నేను లింకు నొక్కాను.

ఆవిడ తల వంచుకుని విన్నది. నేను ఆవిడ చేతుల్నే చూస్తూ కూర్చున్నాను. బస్తాలు కట్టీ కట్టీ వేళ్ళ కణుపుల మీద చర్మం మొద్దుబారి ఉంది. అతుకు వేసిన చోటు దగ్గర పడుతున్నకొద్దీ నా చెవుల్లో రక్తం హోరుమని, ఆ చోటు వచ్చిందో వెళ్ళిందో కూడా తెలియలేదు. ఆవిడ వేళ్ళు మాత్రం ఒకసారి ముడుచుకున్నాయి. రికార్డు చివరిదాకా నడిచి ఆగిపోయింది.

మీరు చెప్పింది ఇదేనా అమ్మా అని పెద్దాయన అడిగారు. గొంతు నాదే బాబూ అంది. నేను కాగితం ముందుకి జరిపి పెన్ను ఇచ్చాను. నేనే ఇచ్చాను. ఆవిడ పెన్ను పట్టుకుని ఆగింది.

"ఆ మెకానిక్ బాబు మాట నేను చెప్పలేదా?" అని అడిగింది. నన్ను కాదు, పెద్దాయన్నీ కాదు. తనను తానే అడుగుతున్నట్టు.

ఏ మాటమ్మా అని పెద్దాయన అడిగారు. ఇప్పుడు చెప్పేస్తుంది, నా పని అయిపోయింది అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అయిపోతే బాగుండునని కూడా ఒక మూల అనుకున్నాను. కానీ ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"చెప్పాననే అనుకున్నాను బాబూ. ఆ రోజు నుంచీ నా లోపల అదే మాట తిరుగుతోంది. లోపల అనుకున్నదాన్ని పైకి అన్నాననుకున్నానేమో. ఇప్పుడు చెబితే కొత్తగా కల్పించిందంటారు. మిషన్ అబద్ధమాడదు కదా. అసలు ఆ మాట నేను విన్నానో లేదో కూడా..." అని ఆగిపోయింది.

మేనేజరు వంద మాటలన్నా ఆవిడ నమ్మి ఉండేది కాదు. పోలీసులు బెదిరించినా నమ్మేది కాదు. నా నలభై సెకన్లని నమ్మింది. తన చెవుల్ని కాదనుకుని నా కంప్యూటర్ని నమ్మింది. వాళ్ళాయన చివరిసారి తన వైపు తిరిగి నవ్విన ఆ నవ్వు కూడా ఆ నలభై సెకన్లలోనే ఉంది. రేపటి నుంచి అది కూడా నిజంగా జరిగిందా అని వెతుక్కుంటుంది. దొరికిపోతానని ఇన్నాళ్ళూ భయపడ్డాను. దొరక్కపోతే ఏమవుతుందో ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆవిడ కాగితం మీదికి వంగి మొదటి అక్షరం రాస్తోంది.

"ఆగండమ్మా" అన్నాను. "మీరు చెప్పారు. నేనే తీసేశాను."

ఇద్దరూ నా వైపు తిరిగారు. పెద్దాయన ఎందుకని అడిగారు. ఆ మెకానిక్ నా తమ్ముడండి అన్నాను. మూడో తేదీన చెప్పాల్సిన మాట. అప్పుడు చెబితే నాలుగు మాటల్లో అయిపోయేది.

నన్ను తిడుతుంది, నా జుట్టు పట్టుకుంటుంది అనుకున్నాను. ఆవిడ పెన్ను బల్ల మీద పెట్టి, గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయితే నేను చెప్పాను కదమ్మా" అంది. "నాకు మతి పోయిందేమో అనుకున్నాను." అని ఏడ్చింది. ఆ రోజు ఏడ్చిన దానికంటే ఎక్కువ ఏడ్చింది.

పెద్దాయన ఆ కాగితాన్ని ఆవిడ ముందు నుంచి తన వైపు లాక్కున్నారు. తర్వాత, పాతది ఎక్కడైనా ఉందా అన్నారు. లేదన్నాను. మైకు పెట్టండి అన్నారు. నా చేత్తోనే పెట్టాను. ముందు నన్ను చెప్పమన్నారు. పేరు, హోదా, సంబంధం, ఏ రోజు ఏం తీశాను, ఎన్ని సెకన్లు. తీసిన మాటలేమిటో గుర్తున్నంతవరకూ చెప్పమన్నారు. ప్రతి అక్షరం గుర్తుంది. చెప్పాను. నా గొంతు కూడా గీతలుగానే కదిలింది. అయ్యాక నన్ను బయటికి వెళ్ళమని, ఆవిడ వాంగ్మూలం మళ్ళీ మొదటి నుంచి తీసుకోవడానికి పక్క సెక్షన్ టైపిస్టుని పిలిపించారు. నేను గుమ్మం దాటుతుంటే పెద్దాయన కళ్ళద్దాలు తీసి కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నన్ను తిడితే బాగుండేది.

19, బుధవారం

సస్పెన్షన్ కాగితం వచ్చింది. టైపులో రెండు తప్పులున్నాయి.

20, గురువారం

మరదలు ఫోన్ చేసి, తోడబుట్టినదానివి ఇలా చేస్తావా అంది. ఇన్నాళ్ళూ "వదినా, మీరు" అన్న మనిషి. ఈయన నా పక్కన కూర్చుని బట్టలు మడతపెట్టారు. ఆయనకి మడతపెట్టడం రాదు, అన్నీ మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

21, శుక్రవారం

పొద్దున తొమ్మిదింటికి తమ్ముడు వచ్చాడు. పదకొండింటికి వాంగ్మూలానికి రమ్మని వాణ్ణి మళ్ళీ పిలిచారట. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. టీ ఇస్తే తాగాడు. గ్లాసు కింద పెట్టేదాకా ఆగి అడిగాను. ఈ పద్దెనిమిది రోజుల్లో మొదటిసారి.

"ఆ మాట నువ్వన్నావా?"

"అన్నానక్కా" అన్నాడు. వెంటనే. ఎప్పుడు అడుగుతానా అని చూస్తున్నట్టు.

మిగతాదీ వాడే చెప్పాడు. బ్రేకు అరిగిందని తెలిసే అన్నాడట. రోజూ పన్నెండు బస్తాలు దిగుతూనే ఉన్నాయి కదా అనుకున్నాడట. ఆ రోజు వాంగ్మూలంలో చెప్పేద్దామనే వచ్చాడట. కొత్తవాళ్ళెవరైనా ఉంటే నోరు పెగిలేది కాదేమో, గుమ్మంలో నిన్ను చూసి, అక్క ముందైతే చెప్పగలను అనుకున్నాను అన్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా అని చదివావు. నేను నోరు తెరిచాను. లేకపోతే లేదని చెప్పండి అన్నావు."

అవును, ఆ రోజు అలాగే అన్నాను. ఈ డైరీలో ఆరో తేదీ పేజీ తీసి చూశాను. ఆ మాట అందులో లేదు.

పదిన్నరకి వాడు లేచాడు. గుమ్మం దాకా వెళ్ళాను. చివర్లో ఇంకేమైనా ఉందా అని అడుగుతారు, తొందరపడి లేదనకు, అంతా చెప్పు అన్నాను.

"చెప్తానక్కా" అన్నాడు. "ఇవాళ నువ్వుండవు కదా."

చెప్పులు వేసుకుని వెళ్ళాడు.